తీరాన లెక్క వ్రాసేవారు

శాస్త్ర పరిశోధన శాస్త్రజ్ఞులకే పరిమితమని సాధారణంగా భావిస్తారు. కాని తీరం సుదీర్ఘమైనది, శాస్త్రజ్ఞులు కొద్దిమంది. ఈ కొరతను సామాన్య పౌరులు తీర్చగలరనడానికి చెన్నై తీరం ఒక నిదర్శనం.

ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఏటా బంగాళాఖాతపు ఒడ్డుకు వచ్చి, రాత్రివేళ ఇసుకలో గుంట త్రవ్వి, సుమారు వంద గ్రుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. 1988లో చెన్నై విద్యార్థులు కొందరు సంఘంగా ఏర్పడి, గ్రుడ్లు పెట్టే కాలంలో రాత్రులు తీరం వెంబడి నడవసాగారు. ఆ నడక నేటికీ సాగుతున్నది. ఇసుకలో తాబేలు జాడను గుర్తించి, కుక్కలు చేరకముందే, అటవీశాఖ అనుమతితో గ్రుడ్లను కంచె వేసిన చోటికి చేర్చుతారు. సుమారు 45 నుండి 60 రోజులకు పిల్లలు వెలువడతాయి. నగర దీపాలు వాటిని దారి తప్పిస్తాయి గనుక, నీటి అంచువద్దకు తెచ్చి విడుస్తారు.

గ్రుడ్లను కాపాడడం ఈ సేవలో ఒక భాగం మాత్రమే. తేదీ, స్థలం, గ్రుడ్ల సంఖ్య, ఒడ్డుకు కొట్టుకువచ్చిన కళేబరాల సంఖ్య వ్రాసి ఉంచడం రెండవ భాగం. తాబేలు ఊపిరికోసం నీటిపైకి రావాలి. ట్రాలరు వలలో చిక్కితే ఊపిరాడక మరణిస్తుంది. ఆ మరణం నడిసముద్రంలో ఎవరికీ కనబడదు. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందలాది కళేబరాలు చేరినప్పుడు, ఆ నష్టం ఎంతటిదో ఒడ్డున లెక్కించినవారి వల్లనే లోకానికి తెలిసింది.

ఇందులో ఒక నియమం ముఖ్యం. ఏమీ కనబడని రాత్రిని కూడా “ఏమీ లేదు” అని వ్రాయాలి. లేకుంటే ఆ రాత్రి తాబేలు రాలేదో, మనిషే నడవలేదో తరువాతివారికి తెలియదు. చూచినదానికి ఏమీ చేర్చక, ఏమీ దాచక చెప్పినదే సాక్ష్యం. నోరులేని ప్రాణి పక్షాన సాక్ష్యమిచ్చేవారికి ఈ నిజాయితీయే మొదటి అర్హత.