తాళం తప్పిందెవరు?

మా అత్తగారికి ఎనభై నాలుగేళ్ళు. పెళ్ళిపాటలు, మంగళహారతులు, లాలిపాటలు అన్నీ కలిపి యాభై పైచిలుకు ఆవిడకు కంఠతా వచ్చు. వాటి మాటలు ఎర్ర అట్ట వేసిన ఒక నోటుపుస్తకంలో వున్నాయి. వరసలు మాత్రం ఆవిడ గొంతులోనే వున్నాయి. పుస్తకాన్నయితే బీరువాలో పెట్టి తాళం వేసుకోవచ్చు. గొంతును ఎక్కడ దాచుకుంటాం?

అంచేత, "అమ్మ పాటలు రికార్డు చేసిపెట్టండీ, పండక్కి పిల్లలందరూ వింటారు" అని మా ఆవిడ అడిగినప్పుడు కాదనలేకపోయాను. బ్యాంకు ఉద్యోగంలో ముప్ఫై ఆరేళ్ళు లెక్కలు చూసి రిటైరయిన మనిషికి ఇంతకంటే మంచి కాలక్షేపం ఏముంటుంది?

అత్తగారి చెల్లెలు, అంటే మా చిన్నత్తగారు, ఫిడేలు వాయిస్తారు. మాది విజయనగరం. ఆ వూరివాళ్ళకు ఫిడేలు కొత్త కాదు గదా! 1919లో మొదలైన మా వూరి సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే ఫిడేలు నేర్పారు. చిన్నత్తగారు డెబ్భై తొమ్మిదో ఏట కూడా పొద్దున్నే అరగంట సాధన చెయ్యనిదే కాఫీ ముట్టుకోరు. అక్క పాడడం, చెల్లెలు వాయించడం పరికిణీలు కట్టుకున్ననాటి నుంచీ వున్న అలవాటే.

రెండు పెట్టెలు

మైకు అందించిన ధ్వనిని అంకెలుగా మార్చి కంప్యూటరుకు చేరవేసే చిన్న పెట్టె ఒకటుంటుంది. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. నా దగ్గరున్న పెట్టెలో మైకు పెట్టే సాకెట్టు ఒక్కటే. పాటకు ఒక మైకు, ఫిడేలుకు ఒక మైకు కావాలాయె. మా అబ్బాయి ఎప్పుడో వదిలిపోయిన పాత పెట్టె అటకమీద కనబడింది. దానికీ మైకు సాకెట్టు ఒక్కటే. ఒకటీ ఒకటీ రెండు, పని గడిచిపోయిందనుకున్నాను. బ్యాంకు లెక్క వేరు, పెట్టెల లెక్క వేరు అని తర్వాత తెలిసింది.

రెండు పెట్టెల తీగలనూ ఒకే యు.ఎస్.బి. హబ్బుకు తగిలించాను. రెండోది కాసేపు కనిపించి మాయమయ్యేది. విషయమేమంటే, మామూలు యు.ఎస్.బి. 2.0 సాకెట్టు ఇచ్చే కరెంటు అయిదు వోల్టుల దగ్గర 500 మిల్లీయాంపియర్లు. అందులోంచే పెట్టె తానూ బతకాలి, మైకుకు కావలసిన 48 వోల్టులూ తయారుచేసి పెట్టాలి. ఒక్క హబ్బుమీద ఇద్దరు అతిథులు కూర్చుంటే విస్తరి చాలలేదన్నమాట. దేని తీగను దానికి వేరువేరుగా కంప్యూటరుకే తగిలిస్తే ఆ జబ్బు పోయింది.

తర్వాత సన్నగా "గుంయ్" మని రొద మొదలైంది. మన ఇళ్ళలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ వూగుతుంది. ఆ వూగులాట చార్జరు తీగవెంట వచ్చి మైకుల దారిలో దూరింది. చార్జరు పీకేసి బ్యాటరీమీద నడిపితే ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

మూడో చిక్కు గట్టిది. నా రికార్డింగు ప్రోగ్రాము ఒక పెట్టెనే గుర్తిస్తుంది. రెండోదాన్ని ఎంచుకుంటే మొదటిది జారిపోతుంది. విండోస్ కంప్యూటర్లలో ఇలాంటి పనికి ఎక్కువగా వాడేది జర్మనీలోని స్టైన్‌బర్గ్ కంపెనీ 1997లో తెచ్చిన ఏషియో అనే పద్ధతి. ఒక ప్రోగ్రాములో ఒకేసారి ఒక్క పెట్టెతోనే మాట్లాడడం దాని రివాజు. నేను గడుసుగా రెండు ప్రోగ్రాములు తెరిచి, చెరో పెట్టెనూ చెరోదానికి అప్పగించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. అసలు కథ అక్కడే మొదలైంది.

అప్పగింతల పాట

ఆదివారం మధ్యాహ్నం కిటికీలు మూసి, ఫాను ఆపి, అక్కచెల్లెళ్ళను ఆరడుగుల దూరంలో ఎదురెదురుగా కూర్చోబెట్టాను. రెండు ప్రోగ్రాములనూ నడిపించి, ఇద్దరికీ సరిగ్గా మధ్య నిలబడి ఒక్క చప్పట్టు చరిచాను. ఆ చప్పుడు రెండింటిలోనూ పడుతుంది గనక, తర్వాత అక్కడ పట్టుకుని రెండు రికార్డులనూ జతచెయ్యవచ్చు. సినిమావాళ్ళు క్లాప్ కొట్టేది ఇందుకే.

అత్తగారు ఎదురుకోలు దగ్గర మొదలుపెట్టి అప్పగింతలదాకా అరగంటసేపు ఆపకుండా పాడారు. అప్పగింతల పాటకు మా ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

సాయంత్రం కాఫీలయ్యాక అందరం కూర్చుని విన్నాం. మొదటి పాట దివ్యంగా వుంది. తలంబ్రాల పాట దగ్గర ఏదో ఇబ్బందిగా తోచింది. అప్పగింతలకు వచ్చేసరికి దాపరికం లేకుండా తెలిసిపోయింది. అత్తగారు తాళంమీద వుంటే, ఫిడేలు వెనకపడి నడుస్తోంది.

"అలిసిపోయినట్టున్నావే చిట్టీ" అన్నారు అత్తగారు, ప్రేమగానే.

చిన్నత్తగారు మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి కమాను తుడిచి, వెంట్రుకలు వదులుచేసి, ఫిడేలు పెట్టెలో పెట్టి మూతవేశారు. "చెయ్యి ముసలిదయిపోయిందక్కా. ఇహ నువ్వొక్కర్తివే పాడు" అన్నారు.

మర్నాడు పొద్దున్న మా ఇంట్లో ఫిడేలు వినబడలేదు. చిన్నత్తగారు తిన్నగా వంటింట్లోకి వచ్చి కాఫీ అడిగారు. మా ఆవిడ నావైపు చూసిన చూపు నేను మరచిపోలేను.

తనకు తానే వెనకపడడమా?

నాకు మనసొప్పలేదు. వాళ్ళు పాడుతున్నంతసేపూ నేనక్కడే వున్నాను. ఎక్కడా తాళం తప్పినట్టు అనిపించలేదు. ట్రయల్ బ్యాలెన్సు కుదరనప్పుడు గుమాస్తాను అనుమానించేముందు పద్దులు సరిచూడాలని మాకు నేర్పారు.

ఆ రాత్రి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాను. ఫిడేలు రికార్డు ఒక్కదాన్నే పెడితే, వెనక సన్నగా అత్తగారి గొంతు కూడా వినిపించింది. ఒకే గది గనక ఆవిడ పాట కొంచెం ఆ మైకులోనూ పడింది. రెండు రికార్డులూ కలిపి పెట్టాను. అప్పగింతల దగ్గర అత్తగారి గొంతు వెంట అత్తగారి గొంతే నీడలాగా నడుస్తోంది!

ఫిడేలు వెనకపడిందంటే ఎవరైనా నమ్ముతారు. మనిషి తనకంటే తానే వెనకపడడం ఎక్కడైనా వుందా?

తెరమీద కనబడే ధ్వని గీతలను పెద్దవి చేసి కొలిచాను. మొదటి పాటలో ఆవిడ గొంతు రెండో మైకుకు సెకనులో వెయ్యింట అయిదు వంతులు ఆలస్యంగా చేరింది. ఆరడుగుల దూరం నడవడానికి ధ్వనికి ఆమాత్రం పడుతుంది, అది న్యాయమే. అరగంటలో సగం గడిచేసరికి ఆ ఆలస్యం యాభై వంతులయింది. చివరికి తొంభై అయిదు. కుర్చీలు కదల్లేదు, మైకులు కదల్లేదు, ఆలస్యం మాత్రం పెరుగుతూ పోయింది.

రెండు గడియారాలు

తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. ఈ పెట్టెలు ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటాయి. సెకను అంటే ఎంతో చెప్పడానికి ప్రతి పెట్టెలోనూ దాని స్ఫటికం దానికి వుంటుంది. స్ఫటికంతో కాలం కొలిచే గడియారాన్ని 1927లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో తయారుచేశారు. మనం చేతికి పెట్టుకునే క్వార్ట్జ్ వాచీలో వున్నదీ అలాంటి తునకే, సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అయితే ఏ రెండు వాచీలూ అచ్చంగా ఒకే కాలం చూపించవు గదా. ఈ పెట్టెలూ అంతే.

అత్తగారలను మళ్ళీ శ్రమపెట్టకుండా ఒక పరీక్ష చేశాను. రెండు మైకులనూ పక్కపక్కనే పెట్టి, భజన చిడతలు ఒకసారి కొట్టి, అరగంట ఆగి మళ్ళీ కొట్టాను. రెండు చప్పుళ్ళ మధ్య మొదటి పెట్టె ఎనిమిది కోట్ల అరవైనాలుగు లక్షల చిల్లర కొలతలు రాసింది. రెండో పెట్టె అదే వ్యవధిలో అంతకంటే 4,320 ఎక్కువ రాసింది. మర్నాడు చూసినా పదీ పదిహేను తేడాతో అంతే. రోజుమీద ఇది నాలుగు సెకన్ల పైచిలుకు. వాచీ అయితే ఆ తేడాను ఎవరూ పట్టించుకోరు. పాటలో మాత్రం 4,320 కొలతలంటే సెకనులో వందకు తొమ్మిది వంతులు. తాళం తప్పించడానికి అది ధారాళంగా చాలు.

ఇందులో చమత్కారం చూడండి. రెండో పెట్టె గడియారం నిజానికి వెనకపడలేదు, ముందుకు పరుగెత్తింది. ఎక్కువ కొలతలు రాసింది గనక, ఒకే గడియారం ప్రకారం రెండింటినీ వినిపించినప్పుడు దాని పద్దు పూర్తి కావడానికి ఎక్కువసేపు పట్టింది. తొందరపడ్డ పెట్టె, చిన్నత్తగారిని ఆలస్యం మనిషిని చేసిపెట్టింది!

పూర్వం మన దేశంలో మద్రాసు కాలం వేరు, కలకత్తా కాలం వేరు. రెంటికీ అరగంటకు పైగా తేడా. 1906లో దేశానికంతటికీ ఒక్క కాలం పెట్టారు. పెట్టెలకూ అదే మందు. డిజిటల్ సాకెట్లున్న పెట్టెలయితే రెండింటినీ తీగతో కలిపి, ఒకదాన్ని పెద్దగా వుంచి, రెండోదాన్ని దాని గడియారాన్నే అనుసరించమని చెప్పాలి. ఇద్దరినీ పెద్దలను చేసినా చిక్కే, ఇద్దరినీ అనుచరులను చేసినా చిక్కే. యాపిల్ కంప్యూటర్లలో రెండు పెట్టెలను ఒకటిగా కలిపి, తేడాను ఎప్పటికప్పుడు దిద్దే ఏర్పాటు వుంది. అందులో దిద్దుబాటు గడికి టిక్కు పెట్టడం మరచిపోకూడదు. అన్నిటికంటే సుఖం, కావలసినన్ని మైకు సాకెట్లున్న ఒక్క పెట్టె వాడుకోవడం. ఒక ఇంటికి ఒక్క గడియారం!

నా పెట్టెలకు డిజిటల్ సాకెట్లు లేవు. అంచేత అయిన రికార్డును బాగుచేసే దారి పట్టాను. ప్రోగ్రాములో ఫిడేలు నిడివిని పది లక్షలకు యాభై వంతుల చొప్పున కుదించాను. ఇంత కొద్ది మార్పుకు శ్రుతిలో వచ్చే తేడా ఏ చెవికీ అందదు. వింటే, నీడ పోయింది. అత్తగారి గొంతు ఒక్కటే అయింది.

సాయంత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి అప్పగింతల పాట మళ్ళీ వినిపించాను. ఫిడేలు గొంతు పక్కనే, చెయ్యి పట్టుకుని నడిచినట్టు నడిచింది. ఎక్కడ అక్క వూపిరి పీల్చుకుందో అక్కడ చెల్లెలు కమాను ఆపింది. పాట అయిపోయాక కూడా చిన్నత్తగారు కాసేపు కళ్ళు తెరవలేదు.

"నీ చెయ్యి కాదటే, ఆ పెట్టె" అన్నారు అత్తగారు. తర్వాత నావైపు తిరిగి, "మనుషుల్ని కూర్చోబెట్టేముందు ఆ పెట్టెలకు కాస్త తాళం నేర్పించాల్సింది బాబూ" అన్నారు.

నిజమే. చిడతల పరీక్ష నేను ముందే చెయ్యవలసింది. అప్పుడు ఒక పెద్దావిడ రెండు రోజులపాటు తన చేతిని తాను అనుమానించుకునేది కాదు.

మర్నాడు తెల్లవారి ఇంకా పాలు కాగకముందే లోపలిగదిలోంచి ఫిడేలు శ్రుతి చేస్తున్న చప్పుడు వినబడింది. మా ఆవిడ కాఫీ గిన్నె దించి పక్కన పెట్టింది. అరగంటదాకా దానితో పని లేదు మరి.

నాలుగు సాకెట్ల పెట్టె ఒకటి కొనుక్కొచ్చాను. లాలిపాటలు ఇంకా పద్ధెనిమిది మిగిలివున్నాయి.