మగ్గము మీద జ్యామితి

జ్యామితిలో మొట్టమొదట వచ్చే మాటలు మూడు: బిందువు, రేఖ, తలము. "పొడవు, వెడల్పు, మందము లేనిది బిందువు" అని విద్యార్థి గడగడ అప్పగిస్తాడు. లేనివేమిటో చెప్పినాడు కాని, ఉన్నదేమిటో చెప్పలేదు. తప్పు అతనిది కాదు. క్రీ. పూ. 300 ప్రాంతమున యూక్లిడ్, భాగములు లేనిది బిందువన్నాడు, భాగమనగానేమో చెప్పలేదు. 1899లో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ ఈ మూడింటినీ నిర్వచింపక విడిచి, వాటి సంబంధములను మాత్రమే నియమములుగా పేర్కొన్నాడు. రెండు బిందువుల గుండా ఒకే ఒక సరళరేఖ పోతుంది. ఒకే రేఖ మీద లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక తలము పోతుంది. (ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలమీద కూడ ఊగకపోవుటకు కారణమిదే.) ఆ మాటలకు అర్థము ఇట్టి నియమములలోనే ఉన్నది.

అయినను పిల్లలకు కంటికి కనిపించే గుర్తు కావాలి. ఎమ్మిగనూరు చేనేతకు పేరుపడిన ఊరు; అక్కడి మగ్గమునే చూద్దాము. బిగించిన పడుగుపోగు సరళరేఖకు మంచి గుర్తు, గుర్తు మాత్రమే. 40వ నంబరు నూలుపోగుకు మిల్లీమీటరులో సుమారు ఏడవ వంతు మందమున్నది. రేఖకు మందము లేదు. పోగుకు రెండు కొనలున్నవి కనుక అది నిజానికి రేఖాఖండమును పోలినది. ఒక కొన మాత్రమే ఉంటే కిరణము. కొనలే లేనిది రేఖ.

తలము విషయములో ఇంకను జాగ్రత్త అవసరము. ఆదోని చుట్టునున్న నల్లరేగడి చేలు చదునుగా కనిపిస్తాయి, కాని భూమి గుండ్రన. ఆదోనికి, ఎమ్మిగనూరుకు మధ్య సూటిగా సుమారు 25 కిలోమీటర్లు. మిట్టపల్లములను విడిచి లెక్కించినను, రెండు ఊళ్లను కలిపే సరళరేఖ నడుమ పది మీటర్లకు పైగా లోతున, నేల అడుగున పోతుంది.

అన్నిటికంటె చిక్కు తెచ్చే మాట లంబము. సంస్కృతములో దీనికి వ్రేలాడునది అని అర్థము. తాపీమేస్త్రీ వదలిన గుండుదారము నిజముగా వ్రేలాడుతుంది. నల్లబల్ల మీద కూడ లంబమును నిలువుగానే గీస్తాము. ఇక లంబమంటే నిలువు అని విద్యార్థి మనసులో నాటుకొంటుంది. మగ్గము మీద పడుగు నేలకు సమాంతరముగా పరచి ఉన్నది, పేకయు అంతే. రెండింటిలో ఏదీ నిలువు కాదు. అయినను ఒకటి మరొకదానికి లంబము. నిలువును నేలను బట్టి చెప్పాలి. లంబమును మరొక రేఖను బట్టి చెప్పాలి.

నేతగాడు కాలితో తొక్కగానే పడుగు రెండు పొరలుగా విడుతుంది. ఇవి రెండు తలములు. నేసిన బట్ట అంచు వద్ద రెండును కలుస్తాయి. ఆ అంచు ఒక సరళరేఖ. తలములు రెండు ఖండించుకొంటే వచ్చేది రేఖయే కదా. నాడె ఆ సందులో దూరి పేకను వదలుతుంది. ఆ క్షణమున పేకకు, పై పొరలోని ఒక పోగుకు గల సంబంధమేమిటి? దిశలు వేరు, కనుక సమాంతరములు కావు. ఎంత పొడిగించినను కలవవు, కనుక ఖండనరేఖలును కావు. ఆ రెండును ఏ ఒక్క తలములోను ఇమడవు. "ఎంత పొడిగించినను కలవని రేఖలు సమాంతరములు" అని చెప్పి, "ఒకే తలములోనున్న" అనే మాట విడిచే విద్యార్థికి ఈ రెండు పోగులను చూపవచ్చును. తరువాత పేకను కొట్టి అంచుకు చేర్చగానే, అది బట్టలో చేరిపోతుంది. అప్పుడు పడుగును పేకను ఒకే తలములోనివిగా తీసుకోవచ్చును.