ఆ రాత్రి అతని పక్కన నిలబడ్డారు!

స్నేహితుడు కచేరీ చేస్తున్నాడంటే వెళ్తాం. ముందు వరసలో కూర్చుని నాలుగు చప్పట్లు ఎక్కువ కొడతాం. అదేమంత గొప్ప విషయం కాదు. కానీ రెండు రోజుల కిందటే ఆ స్నేహితుడి మీద ఎవరో కాల్పులు జరిపి ఉంటే? వాళ్లింకా పట్టుబడకపోతే? పైగా ఆ కచేరీ ఆరుబయట, వేలాది మంది జనం మధ్య అయితే? 1976 డిసెంబరులో జమైకాలో కొందరు సంగీతకారులకు ఎదురైన పరీక్ష అది.

1976 డిసెంబరు 5, ఆదివారం. జమైకా రాజధాని కింగ్‌స్టన్ నడిబొడ్డున ఉన్న నేషనల్ హీరోస్ పార్క్. ఒకప్పుడు గుర్రప్పందేలు జరిగిన మైదానమది. తర్వాత జాతీయ వీరుల స్మారక స్థలమైంది. పొద్దు వాలేసరికి అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. 80 వేల మంది దాకా ఉంటారని ఒక అంచనా. అప్పటికి దేశ జనాభానే 20 లక్షలు! అంతమందీ ఎదురుచూస్తున్నది ఒక్కడి కోసం... 31 ఏళ్ల బాబ్ మార్లే కోసం.

అతడొస్తాడా? ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆ క్షణానికి మార్లేకే తెలియదు.

గుండె చప్పుడే సంగీతం

జమైకా చిన్న దీవి. విస్తీర్ణంలో మన పాత అనంతపురం జిల్లాలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. 1962లో బ్రిటన్ నుంచి స్వాతంత్య్రం పొందింది. ఆ కాలంలోనే స్కా, రాక్‌స్టెడీ అనే సంగీత రీతులు జోరందుకున్నాయి. అరవయ్యో దశకం చివరికి వాటిలోంచి రెగ్గే వచ్చింది. టూట్స్ అండ్ ది మేటల్స్ బృందం 1968లో పాడిన ఓ పాటతో ఆ పేరు స్థిరపడిపోయింది. పేటల్లో, మురికివాడల్లో పుట్టిన ఈ సంగీతాన్ని యునెస్కో 2018లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

రెగ్గే వినగానే తల దానంతటదే ఊగుతుంది. ఎందుకంటే మామూలుగా దెబ్బ పడాల్సిన చోట కాకుండా, రెండు దెబ్బల మధ్య ఖాళీలో గిటార్ పలుకుతుంది. ఇక మిగతా సంగీతాల్లో వెనకుండే బేస్ గిటార్ ఇక్కడ ముందుకొస్తుంది. పాట నడిచేదే దాని మీద. గాయకుడు ఆగినా పాట ఆగదు. బేస్ ఆగితే మాత్రం అయిపోయినట్టే! మార్లే బృందం 'ది వైలర్స్'లో ఆ బాధ్యత ఆస్టన్ బారెట్‌ది. అందరూ ముద్దుగా 'ఫ్యామిలీ మ్యాన్' అని పిలిచేవారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ఆదివారం రాత్రి అసలు చిక్కు వచ్చింది అక్కడే.

శుక్రవారం రాత్రి ఏం జరిగింది?

డెబ్బయ్యో దశకంలో జమైకా రాజకీయాలంటే తుపాకులే. ఒక పేట ఒక పార్టీది, పక్క పేట ఇంకో పార్టీది. మధ్యలో వీధి దాటినా ప్రాణానికి హామీ లేదు. ఈ రక్తపాతం మధ్య జనం ఒక్క రాత్రైనా కలిసి నవ్వుకోవాలని మార్లే ఉచిత కచేరీ తలపెట్టాడు. పేరు 'స్మైల్ జమైకా'. ప్రభుత్వం కూడా చేయి కలిపింది. అంతలోనే ప్రధాని మైకేల్ మాన్లీ డిసెంబరు 15న ఎన్నికలని ప్రకటించారు. దాంతో శాంతి కచేరీ కాస్తా చాలామంది కంటికి అధికార పార్టీ ప్రచార సభలా కనిపించింది. బెదిరింపులు మొదలయ్యాయి.

డిసెంబరు 3 రాత్రి హోప్ రోడ్డులోని 56వ నంబరు ఇంట్లో... అంటే మార్లే ఇంట్లో రిహార్సల్స్ జరుగుతున్నాయి. కాస్త విరామం దొరికితే మార్లే వంటింట్లోకి వెళ్లాడు. అప్పుడే తుపాకులతో దుండగులు ఆవరణలోకి చొరబడ్డారు. కారులో బయల్దేరుతున్న భార్య రీటా తలకు తూటా తగిలింది. మేనేజర్ డాన్ టేలర్ ఒంట్లోకి అనేక తూటాలు దిగాయి. మార్లేకి గుండె కింద చర్మాన్ని ఒరుసుకుంటూ వెళ్లిన తూటా ఎడమచేతిలో దిగబడిపోయింది. దాన్ని తీస్తే వేళ్ల కదలిక దెబ్బతినొచ్చన్నారు డాక్టర్లు. గిటార్ వాయించే చెయ్యి! అందుకే ఆ తూటాను అలాగే వదిలేశారు. అది చివరిదాకా అతని చేతిలోనే ఉండిపోయింది.

అదృష్టం... ఎవరి ప్రాణమూ పోలేదు. కానీ బృందం చెల్లాచెదురైంది. కాల్చిందెవరో తెలియదు. వాళ్లు మళ్లీ వస్తారేమో తెలియదు. ఆసుపత్రిలో కట్టు కట్టించుకున్న మార్లేని పోలీసుల కాపలాతో బ్లూ మౌంటెన్స్ కొండల్లోని స్ట్రాబెర్రీ హిల్‌కి తరలించారు. అది ఐలాండ్ రికార్డ్స్ అధిపతి క్రిస్ బ్లాక్‌వెల్ బంగళా. 3 వేల అడుగుల ఎత్తులోని ఆ బంగళా నుంచి చూస్తే కింద కింగ్‌స్టన్ దీపాలు కనిపిస్తాయి.

కొండ మీద అతడు... మైదానంలో జనం

ఆదివారం పొద్దంతా ఆ బంగళాలో తర్జనభర్జనలే. వెళ్లకపోతే తుపాకులు గెలిచినట్టు. వెళ్తే ఆ వెలుగు దీపాల మధ్య గురిపెట్టడం ఎవరికైనా తేలికే. వద్దనేవాళ్లు కొందరు, వెళ్లాలనేవాళ్లు కొందరు. మైదానం నుంచి వాకీటాకీల్లో ఎప్పటికప్పుడు కబుర్లు అందుతున్నాయి. జనం వస్తున్నారు... ఇంకా వస్తున్నారు... ఎవరూ కదలడం లేదు!

మరి మార్లే రాకముందే ఆ వేదికెక్కింది ఎవరు? 'థర్డ్ వరల్డ్' అనే కుర్రాళ్ల బృందం. 1975లో వైలర్స్ బ్రిటన్‌లో కచేరీలు చేసినప్పుడు వాళ్లకు ముందు పాడింది వీళ్లే. అలా కలిసిన స్నేహం. కాల్పులు జరిగి 48 గంటలైనా గట్టిగా కాలేదు. 'మాకెందుకులే' అనుకుంటే అడిగేవాళ్లు లేరు. అయినా వచ్చారు, వాయించారు. జనాన్ని నిలబెట్టారు. వేదిక మీద పాట పాడినా ఏమీ కాదన్న ధైర్యం ముందు వాళ్ల వల్లే వచ్చింది.

ఎట్టకేలకు చీకటి పడ్డాక పోలీసు వాహనాల రక్షణలో మార్లే కొండ దిగాడు. కారు మైదానంలోకి వస్తుంటే హోరెత్తిపోయింది. రీటా కూడా వచ్చింది. తలకు కట్టు, ఒంటి మీద ఆసుపత్రి నుంచి వచ్చిన దుస్తులు. అలాగే వేదికెక్కి భర్త వెనక గొంతు కలపడానికి నిలబడింది.

ఖాళీలో నిలబడిన కుర్రాడు

అంతా బాగానే ఉంది. మరి బేస్ ఏదీ? ఫ్యామిలీ మ్యాన్ ఆ రాత్రి వేదిక మీదకు రాలేదు. దాన్ని పిరికితనమనడానికి లేదు. పక్కవాడికి తూటా దిగడం చూసిన మనిషి రెండో రోజే మళ్లీ గురికి ఎదురుగా నిలబడాలని ఎవరు శాసించగలరు? అందరి ధైర్యం ఒక్కరోజే పండదు కదా!

ఆ ఖాళీలోకి వచ్చినవాడు థర్డ్ వరల్డ్ గిటారిస్టు స్టీఫెన్ 'క్యాట్' కూర్. వయసు 20 ఏళ్లు. అతనికీ భయపడటానికి కారణాలు తక్కువేం లేవు. తండ్రి డేవిడ్ కూర్ అప్పటి ఉప ప్రధాని! ఎన్నికలు పది రోజుల్లో ఉన్నాయి. రాజకీయ కక్షతో ఎవరైనా తుపాకీ ఎత్తితే గాయకుడి పక్కన ఉప ప్రధాని కొడుకు కూడా కనిపిస్తాడు. అయినా తన గిటార్ పక్కన పెట్టి బేస్ అందుకున్నాడు. ఆ రాత్రి మార్లే పాటలకు వెన్నెముక అతడే అయ్యాడు. కాల్పులు జరిగినప్పుడు అదే ఇంట్లో ఉన్న అమెరికా గిటారిస్టు డాన్ కిన్సే కూడా వేదిక మీదకు వచ్చాడు. ఇంటికెళ్లిపోవడానికి అతనికి వేరే దేశమే ఉంది. అయినా వెళ్లలేదు.

ఒక్క పాట పాడి వెళ్లిపోతానని వచ్చాడు మార్లే. గాయపడిన చెయ్యి గిటార్‌ని మోయలేదు. గొంతు మాత్రం మోసింది. ఒక్క పాట గంటన్నర అయింది! చివర్లో చొక్కా తీసి, చేతిని చూపించి, జనానికి తన గాయాలు చూపించాడు. సినిమాల్లో తుపాకీ వీరుడిలా అభినయించి నవ్వాడు. ఆ మర్నాడే దేశం విడిచి వెళ్లిపోయాడు. ముందు బహామాస్, ఆ తర్వాత లండన్. అక్కడే 1977లో 'ఎక్సోడస్' ఆల్బమ్ వచ్చింది.

చేతులు కలిపినా...

అలా వెళ్లిన మార్లే 1978 ఏప్రిల్ 22న కింగ్‌స్టన్ నేషనల్ స్టేడియంలో మళ్లీ పాడాడు. అది 'వన్ లవ్ పీస్ కన్సర్ట్'. అతని పాత జోడీ పీటర్ టాష్ సహా పదహారు బృందాలు పాడిన రాత్రి. పాట మధ్యలో మార్లే ప్రధాని మాన్లీని, ప్రతిపక్ష నేత ఎడ్వర్డ్ సీగాని వేదిక మీదకు పిలిచాడు. ఇద్దరి చేతులూ కలిపి తన తల మీదుగా పైకెత్తాడు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

దాంతో హింస ఆగిపోయిందని రాస్తే బాగుంటుంది. కానీ ఆగలేదు. 1980 ఎన్నికల ఏడాదిలో జమైకాలో దాదాపు 800 మంది హత్యకు గురయ్యారు. పాటకు తుపాకుల్ని ఆపే శక్తి లేదు. ఆ నిజం తెలిసీ పాడటానికి వెళ్లినవాళ్ల గురించే ఈ కథ.

అట్టపెట్టెల పరుపు మీద

సరిగ్గా 1978లోనే జమైకా ఉత్తర తీరంలోని మాంటెగో బేలో 'రెగ్గే సన్‌స్ప్లాష్' అనే ఆరుబయట పండగ మొదలైంది. పేరుకి తగ్గట్టే రాత్రి మొదలైన పాట సూర్యోదయం దాకా సాగేది. మన ఊళ్లలో తెల్లవార్లూ సాగే హరిశ్చంద్ర నాటకానికి చాపలూ దుప్పట్లూ పట్టుకెళ్లేవాళ్లు కదా! అక్కడ అట్టపెట్టెలు. విప్పి చదును చేసిన అట్టల్ని 'రెగ్గే పరుపు' అంటూ అమ్మేవాళ్లు. కొనుక్కుని నేల మీద పరుచుకుని ఇంటిల్లిపాదీ పడుకునేవాళ్లు. అభిమాన గాయకుడు వచ్చినప్పుడు పక్కవాళ్లు తట్టి లేపేవాళ్లు.

1979లో ఆ పండగలో మార్లే పాడాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో న్యూయార్క్‌లో పరుగుకు వెళ్లి కుప్పకూలాడు. కాలి బొటనవేలిలో 1977లో బయటపడిన క్యాన్సర్ ఒళ్లంతా పాకిందని తేలింది. 1981 మే 11న కన్నుమూశాడు. వయసు 36 ఏళ్లు.

ఆ ఆగస్టులో జరిగిన సన్‌స్ప్లాష్‌ని మార్లేకి అంకితమిచ్చారు. మాంటెగో బేలోని జారెట్ పార్క్ మైదానంలో వేదికెక్కిన బృందాల్లో ఒకటి... మళ్లీ థర్డ్ వరల్డ్! ఐదేళ్ల కిందట హీరోస్ పార్క్‌లో నేస్తం రాకముందు జనాన్ని నిలబెట్టినవాళ్లు. ఈసారి ఎంతసేపు వాయించినా అతడు రాడు.

ఆ రాత్రి వాళ్లతో గొంతు కలపడానికి ఓ అతిథి వచ్చాడు. అమెరికా గాయకుడు స్టీవీ వండర్. పుట్టిన కొన్నాళ్లకే చూపు పోయిన మనిషి. 1975లో కింగ్‌స్టన్‌లో అంధుల కోసం కచేరీ చేసినప్పుడు అదే వేదిక మీద వైలర్స్ పాడారు. మార్లే మీద అభిమానంతో 1980లో 'మాస్టర్ బ్లాస్టర్' పాట కట్టాడు. ఆ ఏడాదే ఇద్దరూ కలిసి అమెరికాలో ఊరూరా పాడాలనుకున్నారు. జబ్బు ఆ ముచ్చట తీరనివ్వలేదు. తీరని ఆ ముచ్చటతోనే స్టీవీ సముద్రం దాటి వచ్చి మార్లే నేల మీద నిలబడి పాడాడు.

హోప్ రోడ్డు కాల్పుల కేసులో ఏ న్యాయస్థానమూ ఎవరికీ శిక్ష వేయలేదు. ఆ ఇల్లు తర్వాత మ్యూజియమైంది. ఎందరో వచ్చి గోడల మీద తూటా గుర్తులు చూసి వెళ్తుంటారు. గాయపడినవాళ్ల పేర్లు అందరికీ తెలుసు. చేయి చాచి బేస్ అందుకున్న కుర్రాడి పేరు మాత్రం చాలామందికి తెలియదు.

అయితే స్మైల్ జమైకా కచేరీ రికార్డింగు మిగిలింది. అందులో ముందు వినిపించేది మార్లే గొంతే. కాస్త ఓపిక పట్టి ఆ గొంతు కింద వినిపించే లయను పట్టుకుంటే... తడబడకుండా, తొందరపడకుండా సాగే బేస్ వినిపిస్తుంది. గంటన్నరసేపు అది ఎక్కడా ఆగలేదు. అది వాయిస్తున్నంతసేపూ ఆ కుర్రాడు ఎక్కడికీ వెళ్లలేదు.