వేలంలో ధర – అకాడమీలో ఫీజు

ఈమధ్య మావాణ్ణి క్రికెట్‌లో చేర్పిద్దామని ఇక్కడ దుబాయ్‌లో ఒక అకాడమీకి వెళ్ళాను. "మా దగ్గర ఆడిన కుర్రాడు వేలందాకా వెళ్ళాడండీ" అన్నారు. వెంటనే ఫీజు కట్టబోయి ఆగాను.

ఈ దేశంలో పెరిగిన చిరాగ్ సూరిని 2017 ఐపీఎల్ వేలంలో గుజరాత్ లయన్స్ 10 లక్షలకి తీసుకుంది. ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. మన హైదరాబాద్ తిలక్ వర్మ 2022 వేలంలో 20 లక్షల కనీస ధరతో మొదలై, ముంబైకి 1.7 కోట్లకి వెళ్ళాడు. 2025 సెప్టెంబర్ 28న ఇదే దుబాయ్‌లో, ఆసియా కప్ ఫైనల్లో 69 పరుగులతో అజేయంగా నిలిచి పాకిస్తాన్ మీద గెలిపించాడు.

నేను చెప్పొచ్చేదేమిటంటే, వేలం ధర ప్రతిభ ఒక్కదాన్నే కొలవదు. ఆ జట్టుకి ఏ ఆటగాడు కావాలి, చేతిలో డబ్బెంత మిగిలింది, పోటీకి ఎవరొచ్చారు అన్నవన్నీ కలిస్తేనే ఆ అంకె. పదేళ్ళ పిల్లాడికి నేర్పే తీరు గురించి అదేం చెబుతుంది?

అందుకని మీరు అడగాల్సినవి వేరు: ఒక కోచ్‌కి ఎంతమంది పిల్లలు? నెట్స్‌లో ఒక్కొక్కరికి ఎన్ని బంతులు? నెలకి ఎన్ని మ్యాచ్‌లు? నేనూ అవే అడిగాను. జవాబు రాలేదు, ఫీజూ కట్టలేదు. మావాడికి మాత్రం ఇంకో చోటు వెతుకుతున్నాను. సెలవు.