బరువు పెరగని బలం

బలం కావాలంటే లావు పెంచాలన్నది మనకు సహజంగా తోచే ఊహ. మంచం కోడు విరిగితే మరికొంత లావు కోడు చేయించుకుంటాము. కిటికీ కమ్మీలు వంగితే ముదురు కమ్మీలు వేయిస్తాము. ఇంట్లో ఈ ఊహ చెల్లుతుంది. మంచం కదలకుండా ఒకచోట ఉంటుంది గనుక దాని బరువును ఎవరూ లెక్కించరు. కాని కొండను త్రవ్వే యంత్రం తన బరువును తానే మోసుకొంటూ పని చేయవలసి ఉన్నది. అక్కడ అనవసరంగా చేరిన ప్రతి కిలో ఉక్కూ రోజూ చెల్లించే పన్ను వంటిది.

చెరువుల్లో పూడిక తీసే యంత్రాన్ని మనవారు ప్రొక్లెయిన్ అంటారు. అది నిజానికి ఒక ఫ్రెంచి సంస్థ పేరు. ఏ సంస్థ చేసిన యంత్రానికైనా ఆ పేరే స్థిరపడిపోయింది. దాని పొడవైన చేతిని బూమ్ అంటారు. ఆ చేతి కొసన, 10 మీటర్ల దూరంలో, 100 కిలోల ఉక్కు అదనంగా చేరినదనుకొందాము. దానిని సరితూచడానికి వెనుక 4 మీటర్ల దూరంలో 250 కిలోల ప్రతిభారం పెరగాలి. ఈ మొత్తం బరువును ప్రతి మలుపులోనూ త్రిప్పడానికి, మళ్ళీ ఆపడానికి చమురు ఖర్చవుతుంది. ప్రతిభారం పెంచకపోతే తొట్టిలో మట్టి తగ్గించుకోవాలి. అందువలన ఉక్కు ఎంత వేయాలన్నదానికన్న ఎక్కడ వేయాలన్నదే ఇంజనీరుకు పెద్ద ప్రశ్న.

చేయి బరువెత్తినప్పుడు దాని పైభాగం సాగుతుంది, క్రిందిభాగం నొక్కుకొంటుంది. నడుమనున్న లోహానికి దాదాపు పనే లేదు. ఆ నడిమి లోహాన్ని తీసి పైకీ క్రిందికీ పంచితే అదే ఉక్కు ఎన్నో రెట్లు పని చేస్తుంది. 10 సెంటీమీటర్ల చదరపు ఉక్కు కడ్డీ మీటరుకు 78.5 కిలోలు తూగుతుంది. అంతే ఉక్కుతో 30 సెంటీమీటర్ల చదరపు పెట్టెవంటి గొట్టం చేస్తే గోడల మందం 9 మిల్లీమీటర్లకు లోపే ఉంటుంది. కాని అది వంపును తట్టుకొనే బలం సుమారు ఐదున్నర రెట్లు, బిగువు 17 రెట్లు అవుతుంది. సమానమైన బరువులో గట్టికడ్డీకన్న బోలుగొట్టం బలమైనదని గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథంలోనే వివరించాడు. మన వెదురుకు ఆ సంగతి అంతకు చాలా ముందే తెలుసు!

బోలుగా ఉండడమొకటే చాలదు; గొట్టం చుట్టూ మూసుకొని ఉండాలి. ఒక కాగితాన్ని గొట్టంగా చుట్టి, అంచులు అతికించకుండా మెలిపెట్టి చూడండి. తరువాత అంచులు జిగురుతో అతికించి మళ్ళీ మెలిపెట్టండి. తేడా మీ చేతికే తెలుస్తుంది. గోడ మందానికి 20 రెట్లు వ్యాసార్ధమున్న గొట్టాన్ని తీసుకొంటే, చీలిక ఉన్నదానికన్న మూసి ఉన్నది మెలికను 1,200 రెట్లు అధికంగా ఎదిరిస్తుందని లెక్క. త్రవ్వే తొట్టి ఒక మూల పంటికి బండరాయి తగిలితే చేయి మొత్తం మెలితిరగజూస్తుంది. బూమును మూసిన పెట్టెగా కట్టడానికి ఇది ముఖ్యకారణం.

అయితే గోడలు పలుచనైనకొద్దీ నలిగి సొట్టపోయే ప్రమాదమున్నది. వెదురుకు కణుపులెందుకో ఇక్కడ తెలుస్తుంది. పెట్టె లోపల అక్కడక్కడ అడ్డుపలకలు అతికిస్తారు. ఇరుసుకీలు దూరే చోట భారమంతా ఒకే బిందువుకు వస్తుంది గనుక అక్కడ మాత్రం మందమైన పోత ఉక్కు దిమ్మను వాడి, దానిని క్రమంగా పలుచన చేసి పలకలకు కలుపుతారు.

మరింత మేలురకం ఉక్కు వాడరాదా అని అడగవచ్చును. వాడుతున్నారు. సాధారణపు ఉక్కు చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్ల వద్ద శాశ్వతంగా వంగితే, మేలురకం 690 దాకా నిలుస్తుంది. కాని రెండింటి బిగువూ ఒకటే. పలుచన చేస్తే విరగదు గాని ఊగుతుంది. అంతకన్న చిక్కైన విషయం వెల్డింగు అతుకులది. లక్షలసార్లు బరువెత్తి దించిన మీదట అతుకు అంచున పుట్టే పగులు మేలురకం ఉక్కును చూసి వెనుకాడదు. దీనినే లోహపు అలసట అంటారు.

క్వారీలలో జరిగే మరమ్మతుల్లో తరచు పొరబడేది ఇక్కడే. బూమ్ మీద బీట కనిపించగానే దానిపై మందమైన చదరపు పలక వేసి చుట్టూ వెల్డింగు చేస్తారు. చూడడానికి భద్రంగానే ఉంటుంది. కాని వెడల్పు కాలువ ఇరుకు తూములో పడ్డచోట నీరు సుడి తిరిగినట్లు, ఆ పలక అంచున బలాలన్నీ గుమికూడుతాయి. కొన్నాళ్ళకు పాత బీటకు జానెడు దూరంలో కొత్త బీట పుడుతుంది. ఇది పామరుల పొరపాటని తీసివేయరాదు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో యెల్లో మిల్ పాండ్ వంతెనకు బలం కోసం దూలాల అడుగున అదనపు పలకలు అతికించారు. 1970లో ఒక దూలం సరిగా ఆ పలక చివరనే పగిలి కనిపించింది. తరువాత వెదకగా మరికొన్నింటిలోనూ అదే చోట పగుళ్ళు దొరికాయి.

మంచి పనివాడు ముందు బీటను మొదలంటా చెక్కివేసి, ఆ గాడిని వెల్డింగుతో నింపి, పైభాగాన్ని చదునుగా సానపడతాడు. పలక వేయక తప్పదనుకొంటే దాని చివరలను ఈటెమొనవలె సన్నగా దింపుతాడు. ఎక్కువగా సాగే చోట అడ్డంగా అతుకు వేయడు. లారీ చట్రానికీ ఇదే న్యాయం. పట్టీ మధ్యభాగంలో చేసిన రంధ్రంవలన కలిగే హాని స్వల్పం. పై అంచున, క్రింది అంచున చేసిన రంధ్రం మాత్రం చట్రాన్నే విరచగలదు.

ఈనాడు కర్మాగారాలలో చట్రాన్ని గణకయంత్రంలో వేలకొలది చిన్న ముక్కలుగా ఊహించి, ఏ ముక్క ఎంత శ్రమపడుతున్నదో ముందే లెక్కిస్తారు. పరిమిత మూలకాల పద్ధతి అని దీనికి పేరు. ఇంగ్లీషులో ఆ పేరు పెట్టినది 1960లో రే క్లఫ్. శ్రమలేని చోట ఉక్కును తీసివేస్తారు, శ్రమ ఎక్కువైన చోట చేరుస్తారు. కాని యంత్రం గనికి చేరిన తరువాత ఆ లెక్కలు దానివెంట రావు. అందుచేత మరమ్మతైన బూమును కడిగి, అతుకు చివరలకు ఎర్రని రంగుద్రవం పూసి, తుడిచి, తెల్లని పొడి చల్లి చూస్తారు. బీట ఉన్నట్లయితే తెలుపుమీద సన్నని ఎర్రగీత తేలుతుంది. ఆ గీత కనబడితే, దానిని బాగుచేసేవరకు ఆ చేతి క్రింద ఎవరినీ నిలబడనీయరు.