మీకు తెలుసా? అక్వేరియం చేపను కూర వండుకోవచ్చా?

గాజుతొట్టిలో తిరుగుతున్న చేపను చూసి పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు అడిగే తీరతారు: "దీన్ని తినొచ్చా?" పెద్దలు నవ్వేసి మాట మారుస్తారు గానీ, అది చాలా మంచి ప్రశ్న. దాని వెంట పడితే అరకు, పాడేరు కొండల నుంచి అమెజాన్ దాకా ఎన్నో సంగతులు తెలుస్తాయి.

• కళ్లారా చూసుకోవాలే తప్ప కూర వండకూడని చేపలు మన మన్యంలో అక్వేరియంలు రాకముందే ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు జిల్లా హుకుంపేట మండలంలో మఠం గ్రామం దగ్గర మత్స్యగుండం ఉంది. మాచ్‌ఖండ్ అని కూడా పిలిచే మత్స్యగెడ్డకు అక్కడ బండలు అడ్డం పడతాయి. నీరు వాటి కిందికి దూరి, కాస్త దిగువన మళ్లీ పైకి వస్తుంది. అలా వచ్చిన చోటే మడుగు. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో ఈ మడుగు గురించి ముచ్చటైన వర్ణన ఉంది. మడుగు నిండా మహసీర్ చేపలట. పెద్దవైతే మనిషి చేతిలోంచే మేత తినేవట, వీపు నిమిరినా బెదిరేవి కావట.

వాటిని కాపాడింది మాడుగుల జమీందారులు. మత్స్యదేశపు రాజుల వంశం తమదని వాళ్లు చెప్పుకునేవారు. పట్టాభిషేకం చేప ఆకారపు రాతి గద్దె మీద జరిగేది. జెండా మీద చేప, సంతకానికి బదులు కూడా చేప బొమ్మే! పూర్వం ఒక సంచార వర్తకుడు ఆ మడుగులో చేపను పట్టి కూర వండుకున్నాడనీ, చేపలరాజు శాపంతో అతనూ అతని పెరికె ఎద్దులూ రాళ్లైపోయారనీ కథ చెప్పేవారు. శివరాత్రి పూజలో చేపలకు మేత వేయడం ఒక భాగం.

అక్కడి పూజారి భగత తెగవాడని గెజిటీరు రాసింది. ఆ భగతలే పొడవాటి ఈటెతో చేపలు పొడవడంలో దిట్టలని జాతుల పరిశోధకుడు ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో నమోదు చేశాడు. పైగా మహసీర్ రుచికి పేరుపడ్డ చేప. వేటాడే చేతులే ఒక్క మడుగు దగ్గర మేత వేశాయన్నమాట. ఏ చేప కూరకు, ఏ చేప కంటికి అన్నది మనిషి గీసుకున్న గీతేనని ఇంతకన్నా బాగా చెప్పే చోటు నాకు కనిపించలేదు.

• ఆ గీత అవతలి నుంచి ఇవతలికి వచ్చిన చేప రూప్‌చంద్. అమెజాన్ నదీ ప్రాంతానికి చెందిన ఈ ఎర్రపొట్ట పాకు, పిరానాకు చుట్టం. చాలా దేశాల్లో దీన్ని వేలెడంత ఉన్నప్పుడు అక్వేరియం కోసం కొంటారు. కృష్ణా, పశ్చిమగోదావరి రైతులు దీన్నే చెరువుల్లో పెంచి లారీలకెత్తుతున్నారు.

• అక్వేరియం దుకాణంలో "షార్క్" పేరుతో అమ్మే వెండిరంగు చేపపిల్ల అసలు షార్కే కాదు. మెకాంగ్ నదికి చెందిన పంగాసియస్. ఆంధ్రా చెరువుల్లో టన్నులకొద్దీ పెరుగుతోంది. తొట్టిలో ముచ్చటపడి పెంచుకున్నవాళ్లే హోటల్లో దాన్ని వేపుడుగా తింటూ ఉండొచ్చు.

• రంగురంగుల కోయి చేప, మన చెరువుల్లో పెరిగే బంగారుతీగ దగ్గరి చుట్టాలు. జపాన్‌లోని నీగాటా కొండపల్లెల్లో వరి రైతులు తిండి కోసం కార్పులు పెంచుకునేవారు. 19వ శతాబ్దంలో వాటిలో రంగుతేలిన వాటిని ఏరి పక్కన పెట్టి, జతకట్టించి కోయిని తయారుచేశారు. గోల్డ్‌ఫిష్ పూర్వీకులు కూడా చైనాలో తిండి చేపలే.

• 1803లో ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో పుస్తకం వేశాడు. స్థానికుల నోట విన్న పేర్లే వాటికి రాసుకున్నాడు. అందులో ఈకల్లాంటి రెక్కలున్న చేప "కోడిపుంగి". ఇప్పుడు ప్రపంచమంతా లయన్‌ఫిష్ అంటున్న ఉప్పునీటి అక్వేరియం చేపల జాతిది. దీని దగ్గరి బంధువు ఒకటి అమెరికా తీరంలో విపరీతంగా పెరిగి మిగతా చేపలను మింగేస్తుంటే, "పట్టి తినండి" అని అక్కడ ప్రచారమే చేశారు. ముళ్లలో విషం ఉంటుంది కాబట్టి వాటిని తీసేసి వండుతారు.

• ఇక బాధ కలిగించే సంగతి. తొట్టి గోడల పాచి తింటుందని తెచ్చుకునే సక్కర్ చేప, మన జాలర్ల మాటలో దెయ్యం చేప, తూర్పు కనుమల నీళ్లలోకి చేరిపోయింది. నీటిలో కలిసిన డీఎన్‌ఏ జాడలను బట్టి హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు వెతికితే, ఇక్కడి నీటి వనరుల్లో దాదాపు 60 శాతంలో దీని ఉనికి బయటపడింది. ఒంటినిండా ఎముక పలకలు, గట్టి ముళ్లు. వల చీరుకుపోతుంది, పట్టినా కొనేవాడు లేడు. అమెజాన్‌లో మాత్రం ఈ కుటుంబపు చేపలను పెంకుతోనే నిప్పుల మీద కాలుస్తారు. ఎండబెట్టి పొడికొట్టి "పిరాకుయి" అనే పిండి కూడా చేస్తారు. కానీ బురదలో మేసే చేప ఇది. మురికినీటిలో పెరిగితే భారలోహాలు దాని ఒంట్లో చేరతాయి.

• మరి పిల్లల ప్రశ్నకు జవాబు? జాతిని బట్టి చూస్తే చాలా వాటిని తినొచ్చు. అక్వేరియం దుకాణంలో కొన్న చేపను మాత్రం తినొద్దు. బూజుకు, తెల్లమచ్చల రోగానికి ఆ నీటిలో మలకైట్ గ్రీన్ లాంటి మందులు వేస్తారు. ఆ మందు మాంసంలో చాలాకాలం నిలిచిపోతుంది కాబట్టే తిండి చేపల్లో అమెరికా, ఐరోపా దేశాలు దాన్ని నిషేధించాయి. తిండి చేపకు మందు వేస్తే ఎన్నాళ్లు ఆగి అమ్మాలో లెక్క ఉంటుంది. అలంకరణ చేపకు ఆ లెక్క ఎవరూ చూడరు. జన్యువులు మార్చిన మెరుపు జీబ్రా చేపను 2003లో అమెరికాలో అమ్మకానికి వదిలినప్పుడు కూడా, దాన్ని నియంత్రించనక్కర్లేదనడానికి అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పిన ఒక కారణం, అక్వేరియం చేపలను ఎవరూ తినరు కదా అన్నది.

తొట్టి చేప మీద మోజు తీరితే దుకాణానికి తిరిగివ్వండి, లేదా పెంచుకునేవాళ్లకు ఇవ్వండి. చచ్చిపోతే మట్టిలో పూడ్చండి. గెడ్డలో మాత్రం వదలకండి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని నది బొర్రా మీదుగా తాటిపూడి జలాశయానికి చేరుతుంది. పైన వదిలిన ఒక్క జత చేపలు దిగువన వల వేసే వాళ్లందరి నోటికాడ కూడు తీసేయగలవు.