మీకు తెలుసా? బాంబర్ల దళానికి హైదరాబాద్ పేరు

మన ప్రజ్ఞాపూర్ హైదరాబాద్ నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల మాట. 1918లో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు తొలి డీహెచ్-9ఏ బాంబర్లు నిజాం కానుకగా అందాయి. అలా ఆ దళానికి ‘హైదరాబాద్’ పేరు స్థిరపడింది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తొలి బాంబు దాడి 1939 సెప్టెంబర్ 4న జర్మన్ యుద్ధనౌకలపై జరిగింది. అందులో ఈ దళం బ్లెన్‌హైమ్ విమానాలు అయిదు పాల్గొన్నాయి. ఒకటి తిరిగి రాలేదు. దాన్ని నడిపిన యువ అధికారి హెన్రీ ఎండెన్, ఆయన సిబ్బంది మరణించారు. యుద్ధం ప్రకటించి అప్పటికి ఒక్కరోజే! ఆ దాడిలోనే ఒక బ్లెన్‌హైమ్ కూలి దెబ్బతిన్న జర్మన్ నౌక పేరూ ‘ఎండెన్’ కావడం మనసును కలచివేస్తుంది. తర్వాత ఇదే దళం బర్మా రంగంలో జపాన్ సేనలతో పోరాడింది.